కడుపులో గడ్డ

2023 ఎండాకాలం సెలవుల్లో హైస్కూలు పిల్లలకు కథలు రాయించడానికని టీచర్లకు ఒక శిబిరం పెట్టారు. మా మండలం నుంచి నన్ను పంపించారు. మూడు రోజులు. పదమూడేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు చదువుకోడానికి మన తెలుగులో కథల్లేవు, చిన్నపిల్లల నీతికథలు దాటితే ఏకంగా పెద్దవాళ్ల నవలలే, మధ్యలో ఉన్న వయసును గాలికొదిలేశాం అని మొదటిరోజు ఒక పెద్దాయన చెప్పారు. నిజమే గదా అనుకున్నాను. మా బడి బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పంచతంత్రం, తెనాలి రామకృష్ణ కథలు, జాతీయ నాయకుల జీవితాలు. తొమ్మిదో తరగతి ఆడపిల్ల రాత్రిపూట దేన్ని తల్చుకుని భయపడుద్దో ఆ బీరువాలో ఒక్క పేజీలోనూ లేదు.

రెండోరోజు రాత్రి కూర్చుని ఒక కథ రాశాను. తొమ్మిదో తరగతి చదివే పల్లె పిల్ల. పెళ్లి కాలేదు, కడుపొచ్చింది. పిల్ల ఒప్పుకోదు. ఎవరితోనో కాదు, తనతో తనే ఒప్పుకోదు. నెల తప్పితే ఎండకు తప్పిందనుకుంటది, పొట్ట పెరిగితే గ్యాసు అనుకుంటది. వాళ్లమ్మ ఒళ్లు చేసిందనుకుంటది. బళ్లో తెలుగు టీచరు కనిపెట్టి, పక్కకు పిలిచి, భుజమ్మీద చెయ్యేసి అడుగుద్ది. పిల్ల ఏడ్చి చెప్పుద్ది. టీచరు తల్లిని పిలిపించి, ఆస్పత్రికి తీసుకుపోయి, పక్కన నిలబడుద్ది. పిల్ల మళ్లీ బడికొచ్చి పరీక్ష రాసుద్ది.

మూడోరోజు చదివాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక మేడం "కథ బాగుంది గానీ పిల్లలకు ఇలాంటివా?" అంది. ఇంకొకాయన చాలా మర్యాదగా "మన ఇళ్లల్లో ఇట్లాంటివి జరగవండీ. మీరు చూసిన వాతావరణం వేరు కావచ్చు" అన్నాడు. వాతావరణం అంటే ఏందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. పేరు పక్కన కులం రాసుకుని కూర్చోకపోయినా మూడు రోజుల్లో ఎవరేందో అందరికీ తెలిసిపోద్ది. నేను ఊరుకోలేదు. "మరి కుంతీకుమారి పద్యాలు పిల్లలకెట్టా చెబుతున్నాం సార్?" అన్నాను. "అది పురాణం కదా మేడం" అన్నాడు. కథ పుస్తకంలో వెయ్యలేదు.

ఆ కోపం చాన్నాళ్లు ఉంది. ఎవరు కనపడ్డా ఆ శిబిరం సంగతి చెప్పేదాన్ని. అగ్రకులపోళ్లు మన బతుకులు పుస్తకాల్లోకి రానియ్యరు చూడండి అనేదాన్ని. అందులో అబద్ధం లేదు. కానీ ఒకరోజు ఆ కాగితాలు తీసి మళ్లీ చదివితే నాకే సిగ్గేసింది. ఆ కథలో పిల్ల నిజం. తల్లి నిజం. గ్యాసు మాత్రలు నిజం. టీచరు అబద్ధం. ఆ కథలో టీచరు అడిగింది. నేను అడగలేదు.

ఆ పిల్ల పేరు రాయను. ఇట్లాంటి పిల్లల పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది, చట్టం లేకపోయినా రాయను. ఊరి పేరు, బడి పేరు కూడా వద్దు. నా సంగతి మాత్రం రాస్తాను. దానికి మా అక్క దగ్గర్నుంచి రావాలి.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. ఊరి చివర మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టాడంటారు గానీ నాకు తెలిసినకాడికి మా వాళ్లందరిదీ పొగాకు కూలే. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఏడో తరగతితో మానిపించి బ్యారన్ కాడికి పంపారు. మగవాళ్లు పచ్చాకు కొట్టి తెస్తే ఆడవాళ్లు కూర్చుని కర్రలకు అల్లుతారు. ఆ కర్రలు బ్యారన్‌లోకి ఎక్కించి రాత్రింబగళ్లు మంట పెట్టాలి. అల్లిన కర్రల లెక్కన కూలి. అక్క చెయ్యి బలే చురుకు. అక్క దగ్గర ఎప్పుడూ పొగాకు పసరు వాసనొచ్చేది. చేతులు కడిగినా నల్లగానే ఉండేవి, బంకగా. ఆ చేత్తోనే నాకు జడేసేది.

1998లో ఆకు సీజను నడుస్తుండగా అక్కకు డోకులు పట్టుకున్నాయి. పొగాకు పనికి పోయేవాళ్లకు డోకులు మామూలే. తడి ఆకు రసం ఒంటికి తగిలితే కళ్లు తిరిగి వాంతులవుతాయి. అందుకని అమ్మ "ఆకు పడలేదు" అంది. పక్కింటోళ్లూ అదే అన్నారు. సీజను అయిపోయింది, ఆకు లేదు, డోకులు తగ్గాయి, పొట్ట లేచింది. అప్పుడు మాట మారింది. "కడుపులో గడ్డ." ఆ మాట మా ఇంట్లో మొదటిసారి ఎవరన్నారో నాకు తెలీదు. అన్న తర్వాత మాత్రం అందరూ పట్టుకున్నారు. మా నాయన గడ్డ అన్నాడు. పెద్దమ్మ గడ్డ అంది. పాస్టరుగారు వచ్చి గడ్డ కరిగిపోవాలని ప్రార్థన చేశాడు. అక్క కూడా చెయ్యి పొట్టమీద పెట్టుకుని "గడ్డ కదులుతుందే" అని నాతో అంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గడ్డ కదులుద్దని నేను నమ్మాను. అక్క నమ్మిందో లేదో ఇప్పటికీ అర్థం కాదు. పదిహేనేళ్ల పిల్ల. నమ్మిందనే అనుకుంటాను.

ఒకరోజు రాత్రి ఎవరో ముసలామె వచ్చింది. నన్ను పెద్దమ్మ వాళ్లింట్లో పడుకోబెట్టారు. మూడోనాడు తెల్లారకముందే అక్కను తీసుకుపోయారు. గడ్డ పగిలి చచ్చిపోయింది అన్నారు. ఖర్చులకు బ్యారన్ ఆసామి మూడొందలు పంపించాడని మా నాయన చాలా ఏళ్లు గొప్పగానే చెప్పుకున్నాడు. ఎందుకు పంపించాడో అమ్మకు తెలుసు. అమ్మ ఆ డబ్బుల మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోయేది. మరుసటేడు మళ్లీ అదే బ్యారన్ కాడికి పోయింది. ఇంకెక్కడికి పోద్ది?

తర్వాతేడే, 1999లో, నన్ను గురుకుల పాఠశాలలో ఐదో తరగతిలో చేర్పించారు. చదువు మీద ప్రేమతోనని నేను సన్మాన సభల్లో చెప్పాను. మా నాయన మా బంధువుతో అన్నమాట నేను విన్నాను: "దీన్నన్నా ఊళ్లో లేకుండా చేద్దాం." మా వంశంలో మొదటి డిగ్రీ నాది. దానికి పునాది ఏందో ఎవరికీ చెప్పలేదు.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మా మేడం "ఇది మీరే చదువుకోండి, పరీక్షకొస్తుంది" అని పేజీలు తిప్పేసింది. రాత్రి స్టడీ అవర్లో చదివాను. చదువుతా చదువుతా వేళ్లమీద నెలలు లెక్కేసుకున్నాను. ఆకు సీజను, డోకులు, పొట్ట, ముసలామె. ఆ రాత్రి నాకు గడ్డంటే ఏందో తెలిసింది. తెలిసి ఏం చేశాను? బీఎడ్‌లో నా రూమ్మేటు అడిగితే "మా అక్క కడుపులో గడ్డొచ్చి పోయింది" అన్నాను. పెళ్లప్పుడు మా అత్తగారు అడిగితే అదే చెప్పాను. మా ఆయనకి పెళ్లయిన ఎనిమిదేళ్లకు గానీ నిజం చెప్పలేదు. చదువుకోని మా అమ్మ ఆ అబద్ధంతో పరువు కాపాడుకుంది. చదువుకున్న నేను అదే అబద్ధాన్ని ఇంకాస్త శుభ్రమైన తెలుగులో చెప్పాను.

గర్భం తీయించుకోడానికి 1971 నుంచి ఈ దేశంలో చట్టం ఉంది. మైనరు పిల్ల అయితే తల్లో తండ్రో సంతకం పెడితే ప్రభుత్వాసుపత్రిలో చేస్తారు. 1998లోనూ ఉంది. మా పల్లెకు ఓటరు లిస్టు వచ్చింది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు జీపు వచ్చింది, ఆ చట్టం మాత్రం రాలేదు.

2016లో ఉద్యోగం వచ్చింది. రెండో బడి ఇప్పుడున్నది. అక్కడ స్టాఫ్‌రూంలో పదకొండు మందిమి, పల్లె నుంచి వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ నన్ను ఏమీ అనరు. నాముందు మాట్లాడుకుంటారు, అంతే. "ఆ పల్లె ఆడపిల్లలు త్వరగా ముదురుతారండీ." "వాళ్లకి అవన్నీ మామూలే." తర్వాత నన్ను చూసి "మిమ్మల్ని కాదు మేడం" అంటారు. ఆ 'మిమ్మల్ని కాదు' దగ్గర నాకు ఒళ్లు మండేది. అయితే ఆ మాట నాకు కొంచెం కావల్సి కూడా ఉండేది. ఇది రాయడం కష్టంగా ఉంది గానీ రాస్తున్నాను. వాళ్లు అట్టా అనకుండా ఉండాలంటే మన పిల్లలు కడిగిన ముత్యాల్లా ఉండాలి అనుకునేదాన్ని. జడలు గట్టిగా వేసుకోమనేదాన్ని. మగపిల్లలతో నవ్వితే మిగతా టీచర్లు చూడకముందే నేనే కసిరేదాన్ని. పల్లె పిల్లలకు నేనంటే భయం. క్రమశిక్షణ అని హెడ్మాస్టారు మెచ్చుకున్నాడు.

ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చునేది. గుండ్రంగా రాసేది. వాళ్లమ్మ నాకు వరసకి ఏమీ కాదు గానీ ఒకే కులం గనక నన్ను "అమ్మా" అనేది, పండక్కి అరిసెలు పంపేది. 2021 ఆగస్టు 16న కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు పిల్లలు ఒక్కసారిగా పొడుగైపోయి వచ్చారు. కొందరు రాలేదు. రాని ఆడపిల్లల్లో ముగ్గురికి పెళ్లిళ్లయిపోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయ్యున్నారని ఉంది. దాని మీద ఎవరూ గొంతు చించుకోరు. మెళ్లో తాడుంటే పదహారేళ్ల పిల్లకయినా గాజులు తొడిగి సీమంతం చేస్తారు. 2006 నాటి బాల్యవివాహాల చట్టం గోడకి అంటించి ఉంటుంది. తాడు లేకపోతేనే అది గడ్డవుద్ది.

ఆ అక్టోబరులోనే అప్పటి ప్రభుత్వం ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ నాప్కిన్లు ఇచ్చే 'స్వేచ్ఛ' అనే పథకం మొదలుపెట్టింది. మంచి పథకం. మా అక్కకు గుడ్డపేలికలు కూడా సరిగ్గా లేవు. మా బళ్లో పంచే బాధ్యత నాకిచ్చారు. రిజిస్టరు పెట్టి సంతకాలు తీసుకునేదాన్ని. ఆ పిల్ల నెలనెలా వచ్చింది, ప్యాకెట్టు తీసుకుంది, గుండ్రంగా సంతకం పెట్టింది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఆ ప్యాకెట్లన్నీ విప్పకుండా ఇంట్లో రేకు పెట్టెలో బట్టల కింద ఉన్నాయని వాళ్లమ్మ తర్వాత చెప్పింది.

నవంబరు రెండో వారం అనుకుంటాను, ఒక పీరియడు ఖాళీ దొరికింది. పాఠంలో కర్ణుడి మాట వచ్చింది గనక నేను కరుణశ్రీ 'కుంతీకుమారి' పద్యాలు పాడాను. ఘంటసాల పాడిన తీరులోనే. నాకు గురుకులంలో మా తెలుగు మాస్టారు నేర్పారు. పాడితే పిల్లలు కిక్కురుమనరు. పెళ్లికాని పిల్ల, కన్నబిడ్డను నీళ్లల్లో వదల్లేక వదల్లేక వదిలే ఘట్టం. ఏడవని వాళ్లుండరు. పాడటం అయిపోయాక ఆ పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, కుంతికి పొట్ట కనపళ్లేదా? ఇంట్లో వాళ్లు ఎవరూ చూళ్లేదా?"

మగపిల్లలు కిసుక్కుమన్నారు. పక్క గదిలో లెక్కల సారున్నాడు. నాకు ముందు గుర్తొచ్చింది ఆయనే. "అది సద్యోగర్భం. దేవుడి వరం. వెంటనే పుట్టాడు. అట్టాంటి ప్రశ్నలు అడక్కూడదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. మళ్లీ బెల్లు కొట్టాక వరండాలో నా వెనకాల కొంచెం దూరం వచ్చింది. నేను చూశాను. ఏదన్నా అడుగుద్దేమోనని నడక పెంచాను.

ఇదీ జరిగింది. నాకేమీ తెలీదు అని చెప్పుకోడానికి వీల్లేదు. మా ఇంట్లో ఒక పొట్టను నేను చూశాను. చున్నీ ఎట్టా కప్పుకుంటారో, కూర్చుని లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడతారో నాకు తెలుసు. నాకు తెలిసింది గనకనే చూపు పక్కకి తిప్పాను. స్టాఫ్‌రూంలో ఆ మాట ముందు నా నోటినుంచి రావడమా? "చూశారా, మేం చెప్పలా" అని వాళ్లు అనుకోవడమా? పిల్ల కంటే నాకు ఆ మాటే పెద్దదయింది.

తర్వాత చదివితే వనపర్వంలో కుంతి నెలలు మోసిందనీ, కడుపు దాచుకుందనీ, ఒక్క దాదికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియలేదనీ ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల అడిగింది సరైన ప్రశ్న. పిల్లకు కావల్సింది ఆ దాది. ఇంకో సంగతి కూడా. రంగభూమిలో అందరి ముందూ కర్ణుణ్ణి నీ వంశమేందని అడిగినప్పుడు కుంతి మూర్ఛపోయింది గానీ నోరు విప్పలేదు. యుద్ధమంతా అయి, కొడుకు చచ్చాక తర్పణాల దగ్గర చెప్పింది. ధర్మరాజుకు కోపమొచ్చి ఇక ఆడవాళ్ల దగ్గర రహస్యం నిలవకూడదని శపించాడు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని మనవాళ్లు సామెత కూడా కట్టారు. మా ఇళ్లల్లో చూడబోతే ఆడవాళ్ల నోట్లో గుమ్మడికాయలు నానుతున్నాయి. ఇక పెట్టెలో దొరికిన బిడ్డను తీసుకుని పాలిచ్చి పెంచింది సూతుల ఇంటి రాధ. ఆమె ఏడుపు మీద పద్యాలు పాడగా నేను వినలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత పిల్ల ప్రార్థనలో రెండుసార్లు కూలబడింది. ఫిబ్రవరి మధ్యలో పీఈటీ మేడం, ఆమె మా కులం కాదు, పల్లెదీ కాదు, నా దగ్గరకొచ్చి మెల్లగా "మేడం, ఆ పిల్లకు ఏడో నెలేమో అనిపిస్తుంది. మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా?" అంది. ఎగతాళి లేదు ఆమె గొంతులో. నేను ఎవరి నోటికి భయపడ్డానో వాళ్లల్లో ఈమె కూడా ఉంది.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. తల్లి మిరపకోతల నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటా ఉంది. "కడుపులో గడ్డంటన్నారమ్మా. ఆర్‌ఎంపీ గ్యాసు మాత్రలిచ్చాడు. చర్చిలో ప్రార్థన పెట్టించాం" అంది. ఇరవై మూడేళ్ల తర్వాత అదే మాట. నా కాళ్లు వణికాయి. పిల్లను అడిగాను. "నాకేం లేదు టీచర్. ఒట్టు. ఏం జరగలేదు టీచర్" అంది. ఆ మాట అంటున్నప్పుడే చున్నీ కింద లోపలి బిడ్డ తన్నడం నాకు కనపడింది. పిల్ల దాన్ని అరచేత్తో అదుముకుని మళ్లీ "ఏం లేదు టీచర్" అంది. అబద్ధం చెప్పే మొహం కాదది. దాన్ని ఎట్టా చెప్పాలో నాకు తెలీడం లేదు. ఒప్పుకుంటే నిజమైపోద్ది, ఒప్పుకోకపోతే ఏదో ఒకరోజు దానంతటదే పోద్ది అని ఆ పిల్ల శరీరమంతా నమ్ముతా ఉంది.

ఎక్కడ జరిగిందని తల్లిని అడిగాను. ఆమె చాలాసేపు చెప్పలేదు. చివరికి, "మీరే గదమ్మా బడి మూసినప్పుడు ఫోన్లో పాఠాలు పెట్టి, ఫోను లేనోళ్లు ఉన్నోళ్లింటికి పోయి రాసుకోమంది. పోయింది. రాసుకొచ్చింది" అంది. తప్పుపట్టినట్టు కూడా అనలేదు. ఆ మెసేజి పెట్టింది నేనే. 2021 జూలైలో. ఎవరిల్లో పల్లెకంతా తెలుసు. పెద్ద ఇల్లు. వాళ్లిచ్చే కూలి లేకపోతే ఆ వరసలో పొయ్యి వెలగదు.

హెడ్మాస్టారికి చెప్పాను. "బడి పేరు పోద్ది మేడం. మీవాళ్లే గదా, మీరే సర్దుబాటు చెయ్యండి" అన్నాడు. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లకు ఇట్లాంటిది జరిగిందని తెలిసినవాళ్లు, టీచరైనా డాక్టరైనా ఎవరైనా, పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. నాకు శిక్షణలో చెప్పారు. 1098కి ఫోను చెయ్యమనీ చెప్పారు. తల్లి కాళ్లు పట్టుకుంది. "కేసయితే మమ్మల్ని ఊళ్లో బతకనీరమ్మా." నేను చెయ్యలేదు. ఆమె కోసం చెయ్యలేదని కొన్నాళ్లు చెప్పుకున్నాను. నాకూ భయమేసింది, నా ఉద్యోగానికి, పేరుకి.

2021లో గర్భస్రావ చట్టాన్ని మార్చారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు చాలు, మైనరు పిల్లలకు ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే తీస్తారు. సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చింది. అది దాటితే అంత సులువు కాదు. నేను కాన్పయిన తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకున్నాను. కుంతీకుమారి పాడిన రోజుకు పదహారు పదిహేడు వారాలు. వాళ్లింటికి పోయిన రోజుకు ముప్పై. ఆ మధ్యలో నా రిజిస్టరులో నాలుగు సంతకాలు.

ఆస్పత్రికి పోతే పోలీసులొస్తారని తల్లి ఇంట్లోనే పురుడు పోయించింది. ఏప్రిల్లో, పుట్టింటి ఊళ్లో, ముసలి మేనత్త చేత. ఒకటిన్నర రోజు నొప్పులు పడిందట. మాయ పూర్తిగా పడలేదు, రక్తం ఆగలేదు. చివరికి ఆర్‌ఎంపీయే వచ్చి సూదులేసి సెలైన్లు ఎక్కించాడు. బతికింది. ఎందుకు బతికిందో, మా అక్క ఎందుకు బతకలేదో చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. పిల్లను కాపాడటానికి తెచ్చిన చట్టం భయంతో పిల్లను ఆస్పత్రికి దూరం చేసింది. మైనరు పిల్ల గర్భం తీయించుకోడానికి వస్తే, ఆమే తల్లిదండ్రులూ వద్దంటే, పోలీసులకు చెప్పేటప్పుడు డాక్టరు పిల్ల పేరూ వివరాలూ చెప్పక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. అప్పటికి బిడ్డకు ఐదు నెలలు. ఆ తీర్పు పేపర్లో చదివి నేను ఆ రోజు బడికి సెలవు పెట్టాను.

రికార్డులో ఆ పిల్ల వలస పోయినట్టు రాశారు. పదో తరగతి రాయలేదు. ఆ ఇంటి వాళ్లు ఇప్పటికీ స్వాతంత్ర్య దినోత్సవానికి బడికొచ్చి పిల్లలకు బిస్కెట్లు పంచుతారు.

శిబిరంలో కథ రాసినప్పుడు ఇదంతా మార్చాను. పిల్లలకు ధైర్యం ఇవ్వాలి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలకిచ్చే కథలో ఒక మంచి టీచరుండటం తప్పు కాదు. కానీ ఆ టీచరుకు నా చీర కట్టాను, నా కళ్లజోడు పెట్టాను.

మొన్న 2025 జూన్‌లో బడి ఈడు పిల్లల లెక్కకు అంగన్‌వాడీ ఆయమ్మతో కలిసి ఇంటింటికీ తిరిగాను. వాళ్లు మళ్లీ ఊరికొచ్చేశారు. పిల్ల వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తా ఉంది. కిలోకింతని ఇస్తారు. పద్దెనిమిది నిండాయి. చిక్కిపోయింది. వేళ్లు మా అక్క వేళ్లలా రంగు మారాయి, నల్లగా కాదు, ఎర్రగా. మూడేళ్ల పాప ఆమె వీపుమీద ఎక్కి "అక్కా, నీళ్లు" అంటా జుట్టు లాగుతుంది. తల్లి లోపల్నుంచి వచ్చి నా చేతిలో కాగితం చూసి, "నా ఆఖరి బిడ్డే గదమ్మా, రాసుకో" అంది. ఆధార్ కార్డు కూడా తెచ్చింది. అందులోనూ అట్టాగే ఉంది.

పిల్ల లేచి చేతులు కడుక్కుని పాపకు నీళ్లు పట్టి, నాకూ గ్లాసుతో తెచ్చిచ్చింది.

"టీచర్, ఆ పద్యాలు ఇంకా పాడతన్నారా?"

"లేదమ్మా."

"ఎందుకు టీచర్? బాగుండేయి."

ఏమీ చెప్పలేకపోయాను. ఆ రోజు నువ్వడిగిన ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పానని అనాలనుకున్నాను. ఆయమ్మ పక్కనే ఉంది, తల్లి ఉంది. తల్లి పేరు అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పిల్ల నా వైపు చూసి, తొడిమల గంప దగ్గరికి పోయి కూర్చుంటా, "అమ్మ పేరే రాయండి టీచర్" అంది.

రాశాను.